రిపేరక్క బల్ల మీద మైకు బాబాయి గొంతు

మెట్ల కింద గదిలో కంప్యూటర్లు బాగుచేసే ఆవిడని వీధిలో అందరూ రిపేరక్క అంటారు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళకి కూడా ఆవిడ అక్కే. యాభై దాటింది. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. తండ్రి ఇదే గదిలో రేడియోలు బాగుచేసేవాడు. ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఊడదీసిన మరలని వరస తప్పకుండా సబ్బుపెట్టె మూతలో పెట్టడం నేర్చుకుంది. రేడియోలు పోయి టేప్‌రికార్డర్లొచ్చాయి, అవీ పోయి కంప్యూటర్లొచ్చాయి. మూత మాత్రం అదే.

తండ్రి నుంచి వచ్చిన అలవాటు ఇంకొకటుంది. పెట్టె విప్పేముందు, "ఇది పాడయ్యాక మీరేం చేశారు?" అని అడుగుతుంది. ఎందుకు పాడయిందని కాదు, పాడయ్యాక ఏం చేశారని. పదిమందిలో తొమ్మిదిమంది ఏమీ చెయ్యలేదంటారు. ఆ తొమ్మిదిమందీ ఏదో ఒకటి చేసినవాళ్ళే.

ఆ రోజు పదకొండింటికి మైకు బాబాయీ, ఆయన భార్యా దుప్పట్లో కట్టిన కంప్యూటర్ పెట్టెని చెరో కొసా పట్టుకుని గుమ్మంలోకొచ్చారు. ఆవిడని రిపేరక్క పిన్నీ అంటుంది. బాబాయి బస్టాండులో ముప్పై ఒక్క ఏళ్ళు అనౌన్సర్. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్ల తప్పిపోయి ఆఫీసులో బిస్కెట్లు తింటోందో ఊరికి చెప్పిన గొంతు ఆయనది. నాలుగు నెలలుగా ఆ గొంతులో పుండు. మర్నాడు పొద్దున ఆపరేషన్, స్వరపేటిక తీసేస్తారు. సాయంత్రం ఐదుకల్లా ఆసుపత్రిలో చేరాలి. ఇప్పటికే మాట గుసగుసలోకి దిగిపోయింది. జేబులో చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలూ పెట్టుకుని తిరుగుతున్నాడు.

గొంతు ఇంకా బాగున్నప్పుడే ఆసుపత్రివాళ్ళు ఒక దారి చెప్పారు. రోజూ వాడే మాటలన్నీ రికార్డు చేసిపెట్టుకుంటే ఫోనులో వేసిస్తామనీ, ఆపరేషన్ తర్వాత మీట నొక్కితే సొంత గొంతే పలుకుతుందనీ. బాబాయి రెండు వందల పన్నెండు మాటలు చదివి దాచుకున్నాడు. అవన్నీ ఈ పెట్టెలో ఉన్నాయి. పెట్టేమో నిలబడటం లేదు.

"వెలుగుతుందమ్మా, నాలుగు నిమిషాలు బుద్ధిగా ఉంటుంది. తర్వాత తెర నీలంగా అయిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. నిన్నటి నుంచీ ఇదే వరస," అంది పిన్ని.

"నిన్నటి నుంచి ఎన్నిసార్లు వేశారు?"

"ముప్పైసార్లు వేసుంటాం."

రిపేరక్క పెట్టెని బల్ల మీదికి లాక్కుంది. "సరే. పాడయ్యాక ఏం చేశారు?"

"ఏం చేస్తాం? ఏమీ చెయ్యలేదు."

బాబాయి పుస్తకంలో రాసి చూపించాడు. రికార్డు చేసినవాటిలో గరగర పోగొడుతుందని ఎక్కడో ఉచితంగా కనిపించిన ప్రోగ్రాం ఒకటి దించుకున్నాడు. ఆ మర్నాటి నుంచి తెర నిండా ప్రకటనలు. వారం తిరిగేసరికి ఆయన పేరుతో స్నేహితులకి ఏవేవో ఈమెయిల్ ఉత్తరాలు వెళ్ళాయి. బస్టాండు గుమాస్తా ఫోన్ చేసి, నీ కంప్యూటర్లో ఎవరో దూరారు చూసుకో అని చెవినేశాడు. అప్పుడు పిన్ని పూనుకుంది. దొంగ ప్రోగ్రాములని పట్టే కాపలా ప్రోగ్రాం ఒకటి తెచ్చివేసింది. దాని మీద నమ్మకం చాలక ఇంకోటి వేసింది.

"రెండూ ఉన్నాయా ఇప్పుడు?"

"ఒకటి నిద్రపోతే ఇంకోటి చూస్తుందని," అంది పిన్ని.

"అవి నిద్రపోవు పిన్నీ. ఒక్క గుమ్మం దగ్గర ఇద్దరు కాపలావాళ్ళని పెడితే, నువ్వే దొంగవని ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటారు. కాపలా ఒక్కటే ఉండాలి. దాన్ని ఎప్పటికప్పుడు కొత్తది చేసుకుంటూ ఉండాలి."

దొంగ దూరిన పెట్టెకి నెట్ తగిలించకూడదని ఆ వైరు తీసి పక్కన పడేసింది. పెట్టె విప్పి లోపలి డిస్కు బయటికి తీసి, తన కంప్యూటరుకి తగిలించి, మొత్తం నకలు తీయడానికి పెట్టింది. నకలు లేనిదే అసలుని ముట్టుకోదు. నకలు పూర్తయ్యేసరికి పన్నెండూ పావు. అసలు డిస్కుని సొరుగులో పెట్టి తాళం వేసి, నకల్లో బాబాయి చెప్పిన ఫోల్డరు తెరిచింది.

ఖాళీ.

బాబాయి వంగి చూశాడు. పెన్సిల్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"దొంగ ప్రోగ్రాం తినేసిందేమో," అంది పిన్ని, గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ.

రిపేరక్క చెరిగినవాటిని వెతికి లేపే సాధనం నడిపింది. తొమ్మిది మాటలు బాగానే దొరికాయి. ఇంకో ఇరవై ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. మిగతావాటి చోట్లో ముప్పైసార్లు వేసి ఆర్పినప్పుడు వేరే సరుకొచ్చి కూర్చుంది. దొరికిన తొమ్మిదిలో ఒకటి వినిపించింది. "అన్నం చాలు," అంది బాబాయి పాత గొంతు, బస్టాండంత నిండుగా. ఎదురుగా కూర్చున్న బాబాయి తల దించుకున్నాడు.

"బాబాయ్, పక్క దుకాణంలో మంచినీళ్ళు ఒక సీసా తెస్తారా," అని పంపించి, రిపేరక్క స్టూలు పిన్నికి దగ్గరగా లాక్కుంది. "మళ్ళీ అడుగుతున్నాను పిన్నీ. ఏం చేశావు?"

పిన్ని కొంగు మడత విప్పింది, మళ్ళీ వేసింది.

"అన్నీ అంకెల పేర్లేనమ్మా. ఒక్కదానికీ అక్షరాల పేరు లేదు. రెండు వందలు, వరసగా, ఒకే వారం తేదీలతో. అవే దొంగవనుకున్నాను. చేటలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరి పారేశాను. ఆయనకి తెలియదు. తెలిస్తే తిట్టడానికి కూడా గొంతు లేదు కదా, అది తల్చుకుంటేనే నాకు..."

"రికార్డు చేస్తుంటే నువ్వు చూడలేదా?"

"మధ్యాహ్నాలు గదిలో తనలో తను మాట్లాడుకుంటున్నాడనుకున్నాను. ఆపరేషన్ భయంతో మనిషికేదో అయిందనుకుని, కదిలించడం ఎందుకని ఊరుకున్నాను. నిన్న పెట్టె నిలబడకపోయాకే, అందులో తన గొంతుందని రాసి చూపించాడు."

రిపేరక్క లేచి గుమ్మం దాకా వెళ్ళొచ్చింది. కోపం తగ్గాలంటే ఆవిడకి ఆ నాలుగడుగులు కావాలి. వెనక్కొస్తుంటే ఒక సంగతి తట్టింది.

"మొదటి కాపలా ప్రోగ్రాం దొంగని పట్టుకున్నప్పుడు ఏం చూపించింది? చెరిపేశాను అందా, బంధించాను అందా?"

"బంధించానంది. బొమ్మలో తాళం కూడా ఉంది."

"ఆ రికార్డు చేసిన వారం, దొంగ పెట్టెలో ఉన్నాడా?"

"గరగర పోవడానికే కదా దాన్ని దించింది. మొదట్లోనే దించాడు."

దొంగ ప్రోగ్రాముల్లో కొన్ని మైకు తెరిచి ఇంట్లో మాటలు వింటాయి. విన్నవి ఒక మూలన మూట కట్టి, వీలున్నప్పుడు బయటికి పంపుతాయి. కాపలా ప్రోగ్రాం దొంగని పట్టినప్పుడు మూటనీ వాడితోపాటే లోపలేసి ఉండాలి. తాళం వేసిన ఆ కాపలా ప్రోగ్రామే మళ్ళీ తాళం తీయాలి. అది నడవాలంటే ఈ పెట్టె నాలుగు నిమిషాలు దాటి నిలబడాలి.

బాబాయి సీసాతో వచ్చాడు. ఒంటిగంటన్నర.

నకలు డిస్కుని పెట్టెలో బిగించి, అత్యవసరమైనవి తప్ప ఇంకేవీ లేవకుండా వెలిగించే పద్ధతిలో వేసింది. దాన్ని సేఫ్ మోడ్ అంటారు. అందులో రెండో కాపలాని పూర్తిగా తీసేసి, మామూలుగా మళ్ళీ వేసింది. తండ్రి చేతిగడియారం బల్ల మీద పెట్టింది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. ఒక నిమిషం. రెండు. మూడు. నాలుగో నిమిషం నిండకుండానే తెర నీలమైంది.

"ఇంక వదిలెయ్ అమ్మా," అని బాబాయి రాశాడు. కింద ఇంకో మాట రాసి కొట్టేశాడు.

"మీరు బస్సు రాలేదని ఎప్పుడైనా మైకు కట్టేశారా బాబాయ్?" అంది రిపేరక్క తెర మీంచి కళ్ళు తీయకుండా.

మళ్ళీ సేఫ్ మోడ్. ఈసారి, వెలిగినప్పుడల్లా ఏమేం లేవాలో ఆ జాబితా తెరిచి, ఒక్కో వరస వేలు పెట్టి చదివింది. పదిహేడో వరసలో ఉంది. దొంగ పోయాడు గానీ, వాడిని లేపమనే పిలుపు మిగిలిపోయింది. పెట్టె ప్రతిసారీ నాలుగు నిమిషాల దాకా పిలిచి, లేనివాడు పలక్క, కుప్పకూలుతోంది. ఆ పిలుపు ఆపేసింది. ఆపినట్టు కాగితం మీద రాసి పెట్టుకుంది.

వేసింది. గడియారం. మూడు. నాలుగు. పిన్ని బాబాయి మోచెయ్యి పట్టుకుంది. ఐదు. ఆరు. ఎనిమిదో నిమిషంలో రిపేరక్క కాపలా ప్రోగ్రాం తెరిచి, బంధించినవాటి జాబితాలోకి వెళ్ళింది. దొంగ ప్రోగ్రాం జోలికి పోకుండా, ధ్వని మూట ఒక్కటే విడిపించింది. నాలుగు వందల పైచిలుకు ముక్కలున్నాయి. మొదటిది నొక్కింది.

పిన్ని గొంతు. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. "...అక్కా, ఆయన మాట వినపడని ఇంట్లో నేనెలా ఉంటానే. పోట్లాడుకోవడానికైనా మనిషి గొంతుండాలి కదా..."

రిపేరక్క చటుక్కున ఆపేసింది. పిన్ని నేల చూస్తోంది. బాబాయి పిన్నిని చూస్తున్నాడు.

"ఇవి మీ ఇంటి మాటలు. నేను వినకూడదు," అని రిపేరక్క ఇయర్‌ఫోన్ల రెండు కొనలూ విడదీసి చెరొకటీ ఇచ్చింది. "కావలసినవి ఏరుకోండి. ఏరడం పిన్నికి బాగా వచ్చు."

ఆ మాటకి పిన్నికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రిపేరక్క గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది. వినాలని ఆవిడకి లేకపోలేదు. అందుకే లోపలి నుంచి నవ్వు వినపడ్డప్పుడల్లా ఇంకో మెట్టు కిందికి జరిగింది. ఆ ఖాళీలో పాత క్యాలెండర్ కాగితం వెనక పిన్నికి కావలసినవి రాసింది. కాపలా ఒక్కటే. ఉచితమని కనపడ్డ చోటల్లా నొక్కొద్దు. పాస్‌వర్డులన్నీ వేరే మంచి ఫోనులోంచి ఇవాళే మార్చు. ఉత్తరాలు వెళ్ళినవాళ్ళకి చెప్పు. ఈ పెట్టెలో అంతా చెరిపి కొత్తగా వేసేదాకా నెట్ పెట్టొద్దు. ముఖ్యమైనది ఏదైనా రెండు చోట్ల దాచు. చివర్న, తెలియని పేరు కనపడితే చెరపకుండా నన్నడుగు అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

నాలుగున్నరకి లేచారు. రెండు వందల పన్నెండులో నూట అరవై మూడు దొరికాయి. ఫోనులో ఒకసారి, చిన్న పెన్‌డ్రైవులో ఒకసారి వేసిచ్చింది. పిన్ని దాన్ని కొంగున ముడేసుకుంది. బాబాయి ఏదో రాయబోయాడు. "ఆసుపత్రికి టైమైంది, వచ్చాక చెబుదురుగాని," అని రిపేరక్క తోలేసింది.

నెలన్నర తర్వాత ఇద్దరూ కలిసి వచ్చారు. బాబాయి మెడకి తెల్లటి గుడ్డ. ఫోను తీసి మీట నొక్కాడు.

"నమస్కారం అమ్మాయ్," అంది ఆ గొంతు, గది నిండేలా. దాని వెనకే దూరంగా, పిన్ని గొంతు. "ఎవరితోనయ్యా ఆ మాటలు? గరిటె ఎక్కడ పెట్టావ్?"

"చూశావా అమ్మా, సగం మాటల్లో ఇదే గోల," అంది పిన్ని. "ఆసుపత్రిలో డాక్టరు ముందు కూడా గరిటె. నేను ఇంట్లో కేకలేస్తానని ఊరంతా తెలిసిపోయింది. నా గొంతు వరకూ కోసెయ్యి."

"కొయ్యొచ్చు, పావుగంట పని," అని రిపేరక్క చెయ్యి చాపింది.

బాబాయి ఫోను ఇవ్వలేదు. గుండెకి ఆనించి పట్టుకుని, ఇంకో మీట వెతికి నొక్కాడు.

"కొంచెం ఆలస్యమవుతుంది. ప్రయాణికులు దయచేసి సహకరించాలి."