బూడిద డ్రమ్ముకు కాపలా

నా చిన్నప్పుడు మా మామయ్య నా సొంతం. అమ్మకు తమ్ముడు, అవ్వకు కొడుకు అన్నవి ఆ తర్వాతి సంగతులు. ఆయన హోసూరు పక్కన మూకండపల్లిలో ఫ్యాక్టరీ పనివాళ్ళ గదుల్లో ఉంటూ వెల్డింగ్ నేర్చుకున్నాడు. సెలవు రోజున మా ఊరు కుందారపల్లిలో బస్సు దిగితే ముందు నా చేతిలో తేనెమిఠాయి పొట్లం పెట్టి, ఆ తర్వాతే ఇంట్లో మిగతావాళ్ళను పలకరించేవాడు. తొంభైల మొదట్లో మా ఊళ్ళోనే హైవే పక్కన సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. బడి వదిలితే నేను ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే పోయేదాన్ని. వెల్డింగ్ వెలుగును వట్టి కళ్ళతో చూడకూడదని నా కోసం విడిగా ఒక నల్ల అద్దం దాచిపెట్టాడు. అందులోంచి చూస్తే లోకమంతా చీకటి, నడుమ ఒక్క పచ్చటి చుక్క మాత్రం కదులుతూ ఉండేది. ఆ చుక్క వెనక ఉండేది మా మామయ్య.

అలాంటి మామయ్యకు పెళ్ళి చేశారు. అత్త కర్ణాటక సరిహద్దున ఉన్న తళి వైపు నుంచి వచ్చింది, పూలతోటల వాళ్ళ పిల్ల. మాటల్లో కన్నడం కలిసేది. వద్దనడానికి బేడ అనేది, కొంచెం అనడానికి స్వల్ప అనేది. నేను గోడ చాటున ఆమెలా మాట్లాడి ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. నవ్వేమో నవ్వేదాన్ని కానీ కడుపులో మంటగా ఉండేది. మామయ్య మోపెడ్ మీద వెనక సీటు ఆమెకు పోయింది. కనకాంబరాలు తెస్తే ఆమెకు మూరెడు, నాకు జానెడు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. ఒకనాడు షెడ్డుకు పోయేసరికి నా నల్ల అద్దం ఆమె కళ్ళ ముందు పట్టుకుని మామయ్య ఏదో చూపిస్తున్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఎందుకు తినలేదో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు తొలి వాన పడ్డాక, పక్క ఊరి పెద్దరైతు ఒకాయన విత్తనానికి ముందు నేల చదును చేసే తన గుంటకను షెడ్డుకు తెచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన మాటకు ఎదురు లేదు. గుంటక చట్రం మామూలు మెత్తటి ఇనుము. దానికి బ్లేడుగా లారీ కింద బరువు మోసే పట్టా ముక్కను అతికించారు. అది గట్టి ఉక్కు. వేరేచోట అతికిన వాళ్ళు పని అవగానే నీళ్ళు పోసి చల్లార్చి ఇచ్చారట. చేను చేరేలోపే అతుకు పక్కన వెంట్రుకంత పగులు వచ్చింది, రెండు సాళ్ళు పోకముందే బ్లేడు ఊడింది. నేలలో తడి ఆరిపోతే ఆ వానకు విత్తనం పడదు. అందుకని ఆయన నిప్పులు తొక్కినట్టు ఉన్నాడు.

"రెండూ ఇనుమే కదప్పా, ఎందుకు అతకలేదు?" అని అడిగాడు.

"రెండూ ఇనుమే, కానీ గుణాలు వేరే. పట్టాని బాగా కాల్చి బిరాన నీళ్ళు పోసి చల్లార్చితే గాజు మాదిరి అయిపోతాది. పొద్దు వాలినంక రాప్పా, ఇచ్చేస్తా" అన్నాడు మామయ్య.

ఆయన వెళ్ళాక మామయ్య తుప్పంతా గీకి, పట్టాను బొగ్గుల మీద పెట్టాడు. మధ్యమధ్య నీటి చుక్క చిలకరించి చూశాడు. చుక్క నిలవకుండా గెంతి పోయినప్పుడు చాలన్నాడు. తర్వాత పెట్టెలోంచి వేరే రాడ్డు తీశాడు. అది మన స్టీలు గిన్నెల మాదిరి ఎవర్‌సిల్వర్ రాడ్డట. ఈ పక్క ఇనుము, ఆ పక్క ఉక్కు ఒకదాన్నొకటి లాక్కుంటే, నడుమ ఉన్నది తాను సాగి ఓర్చుకుంటుందట. ఇదంతా ఆయన అత్తకు చెబుతున్నాడు. నాకు కాదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నా చెవిన కూడా పడింది.

అతుకు వేడి మీద ఉండగానే చిన్న సుత్తితో సన్నగా తట్టి, దాన్ని మెల్లగా చల్లారేందుకు డ్రమ్ములోని వేడి బూడిదలో పూడ్చిపెట్టాడు. పైన సున్నం పొడి చల్లాడు. తర్వాత శూలగిరిలో గేటు పని ఉందని బయల్దేరుతూ మా ఇద్దరినీ పిలిచాడు.

"అమ్మణ్ణీ, నేను వచ్చేదాకా దీన్ని ఎవ్వురూ తీయకూడదు. నువ్వు, మీ అత్త చూసుకోండి."

నన్నొక్కదాన్నే ఉండమంటే ఆయన సొమ్మేం పోయింది? డ్రమ్ముకు ఆ పక్క ఆమె, ఈ పక్క నేను కూర్చున్నాం. ఆమె రెండుసార్లు నన్ను పలకరించింది. నేను హైవే మీద లారీలను చూస్తూ కూర్చున్నాను.

పొద్దు వాలకముందే పెద్దరైతు నీళ్ళ బిందెతో సహా వచ్చేశాడు. "తీయండమ్మా. నీళ్ళు పోసి చల్లార్చుకుని పోతా, నేల ఆరిపోతా ఉంది" అంటూ పలుగు చేతికి తీసుకున్నాడు.

అత్త లేచి నిలబడింది. కానీ మా వైపు కొత్త కోడలు పెద్ద మగవాళ్ళ ముందు నోరెత్తదు. కొంగు లాక్కుని తల వంచుకుంది. ఆ క్షణాన నాకు తట్టింది ఒకటే. నేను ఊరుకుంటే చాలు. అతుకు పగులుతుంది, మామయ్య ఈమెను తిడతాడు, తళి బస్సు ఎక్కిస్తాడు. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

ఆమె నా వెనక్కు వచ్చి నా భుజం పట్టుకుంది. చెవిలో గుసగుసగా, "బేడ అని చెప్పు తల్లీ. మళ్ళా పగిలితే మీ మామ పేరు పోతాది. కొత్త షెడ్డు, ఇంకెవురు వస్తారు?" అంది.

మీ మామ అంది. నావాడని నాకే ఒప్పజెప్పినట్టు అనిపించింది. ఆమె భయమంతా ఆయన కోసమేనని కూడా అప్పుడే తెలిసింది. నాకూ అదే భయం ఉండాలి కదా.

"తీయగూడదు తాతా! తీస్తే మళ్ళా పగులుతాది!" అని అరిచాను.

"నీకేం తెలుసు పాపా, తప్పుకో" అన్నాడాయన. అత్త చెవిలో ఊదింది, నేను అందుకున్నాను. "ముందర నీళ్ళు పోసినందుకే కదా ఊడింది?" ఆమె ఒక మాట ఊదితే నేను నాలుగు కలిపి అన్నాను. మా మామయ్య అంత బాగా అతికేవాడు హోసూరులో కూడా లేడన్నది మాత్రం పూర్తిగా నా సొంతం. పెద్దాయన కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బిందె కింద పెట్టాడు. "మాట్లాడేది ఒకురు, నోరు ఇంకొకురిదా! సరే తల్లీ" అని గొణుగుతూ టీ కొట్టు వైపు పోయాడు.

మామయ్య వచ్చి బూడిద తీసి, సుత్తితో అతుకు మీద కొట్టాడు. గంటలాగా మోగింది. పెద్దాయన తనను తీయనివ్వలేదని చెప్పి నవ్వాడు. ఎవరు ఆపారని మామయ్య అడిగితే అత్త, "అంతా అమ్మణ్ణే. పెద్దాయన ముందు నేను నోరే తెరవలేదు" అంది. అందులో అబద్ధం లేదు. మామయ్య నన్ను ఎత్తి మోపెడ్ ముందు నిలబెట్టుకున్నాడు. పొగడ్త మొత్తం నాకే దక్కింది. అయినా నా కుళ్ళు తగ్గలేదు. తనకు రావలసింది కూడా నాకు ఇచ్చేసేంత మంచిది అయినందుకు ఆమె మీద ఇంకాస్త కుళ్ళుకున్నాను. అది పోవడానికి చాలా కాలం పట్టింది. ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. నా పెళ్ళిలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆ అత్తే, నేను పట్టుకుని ఏడ్చిందీ ఆమెనే.

ఇప్పుడు మా ఇంటికీ కోడలు వచ్చింది. మావాడు డ్యూటీ నుంచి రాగానే ముందు ఆ పిల్ల కోసం వెతుకుతాడు. నాకు కుళ్ళుగానే ఉంటుంది, ఎందుకు దాచడం? ఈ వయసులో ఏంటమ్మా అని కూతురు నవ్వుతుంది. ఆ నవ్వు కూడా ఆనాటి పెద్దరైతు తెచ్చిన నీళ్ళ బిందె లాంటిదే. నేను పోసుకోను, నా మంటను మెల్లగా చల్లారనిస్తాను. మొన్న ఆ పిల్ల ఉద్యోగం మానమన్న మామగారికి మాననని చెప్పుకోలేక, వంటింట్లో నా వెనక నిలబడి చెవిలో గుసగుసలాడింది. నా లోపల ఇంకా వెచ్చగానే ఉంది. అయినా హాల్లోకి వెళ్ళి, ఆమె చెప్పిన ఒక్క మాటకు నాలుగు కలిపి, మా ఆయనతో గట్టిగానే చెప్పాను.