ఏనుగులకు పెట్టిన దండం

ఒక మాటని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. చిన్నదే. చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. అయినా మా ఆయన పోయేదాకా ఆయనకి చెప్పలేదు. దేవుడి పటం ముందు కూర్చున్నప్పుడు కూడా గొంతు దాకా వచ్చిన దాన్ని మింగేశాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

డెబ్భైల చివర్లో సంగతి. జంషెడ్‌పూర్‌లో, బారిడీహ్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా చెల్లెలు నర్సి వాళ్ళు నదికి అవతల ఆదిత్యపూర్‌లో. దానికి ఒక్కతే కూతురు, గౌరి. అయిదేళ్ళది. నాకు పిల్లల్లేరు. గౌరి వచ్చిందంటే ఇక నా చంక దిగేది కాదు. అది చూసి మా అత్తగారు, "కననిదానికి పిల్లల్ని సూడ్డం ఏటి తెలుస్తాది" అనేది. ఈ మాట సాకుగా చెప్పడం లేదు. లేదా? ఏమో. సాకే కావచ్చు.

ఆ వేసవి సెలవుల్లో అందరం దల్మా కొండకి వెళ్ళాం. నర్సి మొగుడు తను పనిచేసే షేటు దగ్గర జీపు అడిగి తెచ్చాడు. పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, మట్టి కూజాలో నీళ్ళు సర్దుకున్నాం. వంతెన దాటి, సాల చెట్ల మధ్య ఎర్రమట్టి దారిలో మలుపు మీద మలుపు ఎక్కాం. పైకి వెళ్ళి దిగి చూస్తే ఊరంతా కిందుంది. రోజూ మా నెత్తిన మసి పోసే పొగగొట్టాలు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. సువర్ణరేఖ ఎవరో పారేసుకున్న వెండి గొలుసులా మెరుస్తోంది. మాది సముద్రం పక్కన పల్లె. అంత సముద్రం చూస్తూ పెరిగినదాన్ని కూడా ఆ కొండ మీద చిన్నపిల్లనైపోయాను. ఇన్నాళ్ళూ మా వీధి చివర నీలంగా కనబడే కొండ ఇదేనా?

భోజనాలయ్యాక అడవి కాపలా అతను వచ్చాడు. కింద మడుగుకి ఏనుగులు వచ్చాయనీ, చప్పుడు చెయ్యకుండా వస్తే చూపిస్తాననీ హిందీలో చెప్పాడు. పిల్లల చెయ్యి పట్టుకోమని గట్టిగా హెచ్చరించాడు. నర్సి గిన్నెలు సర్దుతోంది. అక్కనని నన్ను అప్పా అనేది. "అప్పా, దీన్ని నువ్వు తీసుకెళ్ళు, ఎనకే వత్తన్నాను" అంది. గౌరి చేతిని నా చేతిలో పెట్టింది.

ఒక బండ అంచున నిలబడ్డాం. ముందు నాకు కింద రాళ్ళే కనబడ్డాయి. పెద్ద పెద్ద బూడిదరంగు రాళ్ళు. అందులో ఒక రాయి చెవి ఊపింది. ఆ తర్వాత అన్నీ కదిలాయి. అంతంత ఒళ్ళు, కింద ఎండాకులు, అయినా చిన్న చప్పుడు లేదు. వాటి కాళ్ళ మధ్య ఒక గున్న. ఒక ఏనుగు తొండంతో నీళ్ళు పైకి చిమ్మింది, ఆ నీళ్ళు ఎండలో ఒక్క క్షణం ఆగినట్టే నిలిచాయి. నా ఒళ్ళంతా గగుర్పొడిచింది. నేను ఎక్కడున్నానో, ఎవరినో, ఏదీ గుర్తు లేదు. చేతులు వాటంతటవే లేచాయి. దండం పెట్టాను.

రెండు చేతులూ ఎత్తి పెట్టాను.

ఎంతసేపో తెలియదు. రాళ్ళు జారిన చప్పుడు. తర్వాత కేక. గౌరి బండ అంచు దాటి కింది పొదల్లోకి జారిపోయింది. ఆ కేక వినగానే ఏనుగులన్నీ ఒక్కసారిగా గున్న చుట్టూ గోడలా మూగి, అలాగే చెట్లలోకి వెళ్ళిపోయాయి. అదీ చూశాను నేను. కింద పిల్ల ఏడుస్తుంటే, నా కళ్ళు ముందు ఆ ఏనుగుల వైపే వెళ్ళాయి. ఎందుకలా వెళ్ళాయి?

కాపలా అతను దిగి పిల్లని ఎత్తుకొచ్చాడు. కాలు మెలిపడి వేలాడుతోంది. నర్సి పరిగెత్తుకొచ్చింది.

"అప్పా, సెయ్యి ఒగ్గేసినావా?"

"నేనొగ్గలేదే. అదే లాక్కోని పరిగెట్టేసింది."

ఎంత తడుముకోకుండా వచ్చిందో ఆ మాట. నర్సి ఆ కంగారులో, ఆ కోపంలో, ఏడుస్తున్న పిల్ల చెంప మీదే ఒక్కటేసింది. నేను ఆపలేదు.

ఎముక అతికింది గానీ కాలు పొట్టిబడింది. ఇంకా కట్టుతో ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు గౌరి అడిగింది. "పెద్దమ్మా, నువ్వు ఏనుగులకి దండం ఎట్టినావు కదా. నా సెయ్యి అప్పుడే కదా ఒగ్గేసినావు?"

కోపంగా అడగలేదు. గుర్తున్నది చెప్పింది, అంతే. అక్కడైనా నేను ఒప్పుకొని ఉండొచ్చు. వినేది అయిదేళ్ళ పిల్ల ఒక్కతే. కానీ నర్సి ఇక ఆ పిల్లని నా చేతికివ్వదని భయం. అత్తగారి మాట నిజమైపోతుందని భయం. "లేదమ్మా, నువ్వే లాక్కున్నావు. మర్సిపోయినావు" అన్నాను.

గౌరి నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తలూపింది.

ఆ తర్వాత అది అలాగే నమ్మింది. బళ్ళో ఎవరైనా కాలు సంగతి అడిగితే, "మైనే హాథ్ ఛుడా లియా థా" అని, తనే చెయ్యి విడిపించుకున్నానని నవ్వుతూ చెప్పేది. నర్సి కూడా కూతురి అల్లరి వల్లే అలా అయిందనుకుంటూనే కన్నుమూసింది. ఇప్పుడు గౌరికి పెళ్ళీడు కొడుకున్నాడు. మొన్నొచ్చి నా కాళ్ళకి దండం పెట్టి, "ఆ రోజు నిన్ను ఎంత బాధపెట్టానో పెద్దమ్మా" అంది. నన్నే ఓదార్చింది. నేను దాని తల నిమిరాను.

చెయ్యి జారడం ఎవరికైనా జరగొచ్చు. దాన్ని నేను ఎప్పుడో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఒక పిల్ల కళ్ళారా చూసినదాన్ని దాని బుర్రలోంచి తీసేసి, అక్కడ నా అబద్ధం పెట్టాను. దానికి ఏం సర్దిచెప్పుకోను? ఇంకోటి కూడా చెప్పాలి. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముందు గౌరి కనబడదు. ఆ ఏనుగులే వస్తాయి, ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అంత గొప్పదాన్ని చూసినందుకు సంతోషమే కలుగుతుంది. ఈ సంతోషం నాలో చావలేదు. చావాలని నేను కోరుకున్నానా? అదీ లేదు.

గౌరికి చెబుతానో లేదో తెలియదు. చెబితే అది క్షమిస్తుందేమోనన్నదే నా భయం. ఇప్పటికి మాత్రం ఇది రాయగలిగాను: ఆ మధ్యాహ్నం గౌరి చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం.