బాపు ఆపిన రైలుకు బాపే వడ్డించాడు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో సరిహద్దు నుంచి తిరిగొచ్చిన వీరుడున్నాడు, పట్టాల మీద దూసుకొచ్చే ఇనుప శకటం ఉంది, పట్టుచీర కట్టుకుని ఎదురుచూసే నాయిక ఉంది, వేలాది ప్రజల కళ్లెదుట జరిగిన మహాఘట్టం ఉంది. కాకపోతే ఆ వీరుడు సైన్యంలో వంటమనిషి, శకటం ఒక ప్యాసింజరు బండి, నాయికను నేను, ప్రజలు మహా అయితే ఐదారు డబ్బాల మంది. కాబట్టి కావ్యం సంగతి పక్కనపెట్టి మామూలుగానే చెబుతాను.

మొన్న సికింద్రాబాదు నుంచి వస్తుంటే మా బండి పొలాల మధ్య సిగ్నలు కోసం చాలాసేపు ఆగిపోయింది. ఎదుటి సీటు కుర్రాడు విసుక్కోకుండా ఫోనులో ఏదో నొక్కాడు. బండి ఖాజీపేట చేరగానే ఒక మనిషి వచ్చి, సీటు నంబరు సరిచూసుకుని, పొట్లం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మిగతావాళ్లం ఆ పొట్లం వాసన పీల్చుకుంటూ మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాం. బంద్‌లకూ వాయిదాపడ్డ పరీక్షలకూ మధ్య చదువులు ముగించిన మన బ్యాచ్‌వాళ్లకు ఇలాంటప్పుడు ఏదో ఒకటి గుర్తుకొస్తుంది. నాకు మా బాపు గుర్తొచ్చాడు.

బాపు పటాలం నుంచి రిటైరై జనగామకొచ్చాక హాయిగా పింఛను తింటూ కూర్చుంటాడని అమ్మ అనుకుంది. ఆయన మాత్రం ఊరినంతటినీ తన రెజిమెంటు అనుకున్నాడు. ఎండాకాలం రైళ్లకు నీళ్లందించడం, దవాఖానలో లైను పెట్టించడం, జాతరలో తప్పిపోయిన పిల్లలను భుజాన వేసుకుని తిరగడం, ఎవరింట్లో చావు జరిగినా టెంటూ కుర్చీలూ మోయించడం ఆయన పనులు. ఎవరూ అప్పగించినవి కావు, ఎవరూ వద్దనగలిగినవీ కావు, ఎందుకంటే మెడలో ఎప్పుడూ ఒక విజిల్ ఉండేది. ఎక్కడ వడ్డించినా ఆయనది ఒకటే పద్ధతి: ముందు పిల్లలు, ముసలివాళ్లు, తర్వాత జనం, చిట్టచివర మన ఇంటివాళ్లు. అందువల్ల ఊళ్లో జరిగిన ప్రతి అన్నదానంలోనూ అమ్మా నేనూ గిన్నె అడుగుల రుచి చూశామే తప్ప గిన్నెలో ఏముండిందో మాకు తెలియదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చినప్పుడు, రైళ్లకు నీళ్లందించే ఆయన దళమే ఉద్యమదళమైపోయింది. ఆ రోజుల్లో శుభకార్యానికి పంతులు ముహూర్తం చూసేవాడు, ఆ తర్వాత బంద్ ఉందో లేదో బాపును అడిగేవారు. ఇద్దరూ ఒప్పుకున్న తేదీ దొరకడం చాలా కష్టంగా ఉండేది.

అలా దొరికిన ఒక తేదీన నా పెళ్లిచూపులు. భూపాలపల్లి మేనత్త తెచ్చిన సంబంధమని పెద్దలందరూ నమ్మారు. నిజానికి మానుకోట అబ్బాయీ నేనూ హనుమకొండలో కలిసి బీఈడీ చదివాం, మా అత్తకు ఆ ఇంటి అడ్రసు దొరికేలా చేయడానికి మాకే ఏడాది పట్టింది. అబ్బాయి తండ్రి ససేమిరా అని, చివరికి ఒక్కసారి వచ్చి చూస్తానన్నాడు. పనిలో పనిగా అదే రోజు నర్మెట్టలో ఇంకో అమ్మాయినీ చూసుకుని వెళ్తానన్నాడు. అంటే ఆయన మా ఇంట్లో సంతృప్తిగా తింటే నా బతుకు ఒక దారి, తినకపోతే నర్మెట్ట అమ్మాయి బతుకు ఒక దారి.

సరిగ్గా ముందురోజు సాయంత్రం రైల్‌రోకోకు పిలుపొచ్చింది. జనగామ స్టేషన్లో జనం సరిపడా ఉన్నారని బాపు తెల్లవారగానే తన దళంతో, వంటగిన్నెలతో రఘునాథపల్లికి పోయాడు. అబ్బాయివాళ్లు మధ్యాహ్నం బండికి వస్తారని, ఆలోపు రోకో ముగుస్తుందని ఆయన అంచనా. వాళ్లు మాత్రం మంచి ఘడియలని పొద్దున బండే ఎక్కారు.

అమ్మ గారెలు వేస్తుండగా అబ్బాయి ఫోను చేశాడు. రఘునాథపల్లిలో రైలాపేశారని, వాళ్ల నాన్నకు ఆకలికి కోపం వస్తుందని, అది వచ్చేసిందని చెప్పాడు. ఆపింది ఎవరో నేను చెప్పలేదు. వెంటనే బాపుకు ఫోను కలిపాను.

“బాపూ, గా రైల్ల వాళ్లున్నరు. జర వదులరాదే.”

అటునుంచి నినాదాల మధ్య బాపు గొంతు వినిపించింది. “నీ పెండ్లిచూపులకు వదుల్తే రేపు ఇంకొకడు వాళ్ల తాత మాసికానికి వదులుమంటడు బిడ్డా. రైలు కదల్దు. ఏ డబ్బల ఉన్నరో చెప్పు, గారెలు పట్టుకొని నువ్వే గిటు రా.”

అలా పట్టుచీరతో, జడలో పూలతో, ఒళ్లో గారెల గిన్నెతో ఆటోలో రఘునాథపల్లి చేరాను. అప్పటికి బాపు పట్టాల పక్కన రాళ్లపొయ్యి పెట్టి పులిహోర కలిపించి, తానే ఆపిన రైలుకు తానే విజిలేసి లైను కట్టిస్తున్నాడు. పొద్దున్నే ఆయన్ను తిట్టినవాళ్లే విస్తరాకులు పట్టుకుని బుద్ధిగా నిలబడ్డారు. నన్ను చూడగానే ఎదురొచ్చి గారెల గిన్నె అందుకున్నాడు. నా గుండె కుదుటపడింది. గిన్నె తీసుకుని ఆయన అబ్బాయివాళ్ల డబ్బా ఎక్కి, తలుపు దగ్గర నిలబడ్డ అబ్బాయి తండ్రికి తాను పిల్ల తండ్రినని చెప్పి, ఆయన్నే దాటేసి, అవతలి చివర నుంచి పంచడం మొదలుపెట్టాడు.

గారెలు ఒక్కొక్కటే తగ్గిపోవడం అబ్బాయి తండ్రి చూశాడు, వెనకే ఎక్కిన నేనూ చూశాను. చివరికి బాపు ఆయన ముందుకొచ్చేసరికి గిన్నెలో ముక్కలు మిగిలాయి.

“ఏమయ్యా, గవి మాకోసం చేసినయి కావా?”

“మనకోసమే బావా,” అన్నాడు బాపు. “మనోళ్లం ఆఖరికి తిందం.”

అబ్బాయి కిందికి చూస్తున్నాడు. తండ్రి గిన్నెకేసి చూశాడు, తర్వాత బాపు వైపు.

“పిల్లనే ఇంక చూడలే, అప్పుడే బావనైన్నా? బావకు మొదలు పెట్టాలె గదా.”

“సుట్టమైతే మొదలే పెడ్తుంటి. ఇంటోళ్లకు మొదలెట్ల పెడ్త?”

కిటికీ దగ్గర కూర్చున్న ఒక అవ్వ గారె నములుతూ, పిల్ల మంచిగనే ఉన్నది ఒప్పుకో కొడుకా, గారెలు గూడ మెత్తగున్నయి అని తన తీర్పు చెప్పింది. ఎదుటి సీటువాళ్లు తలలూపారు. పెళ్లిచూపుల్లో అంతమంది పెద్దలు ఎవరికీ దొరికి ఉండరు.

అబ్బాయి తండ్రి నావైపు తిరిగాడు. “నువ్వు గూడ ఆఖరికే తింటవా బిడ్డా?”

అది త్యాగం గురించి నాలుగు మంచి మాటలు చెప్పాల్సిన ఘట్టం. “లేదు మామయ్యా,” అన్నాను. “మా బాపు సంగతి తెలుసు. ఇంట్లనే తిని వచ్చిన.”

ఆయన చాలాసేపు నవ్వాడు. గిన్నె అందుకుని అక్కడే సీటు మీద కూర్చుని, ముక్కల్లో సగం బాపు చేతిలో పెట్టాడు, ఇద్దరూ తిన్నారు. నర్మెట్టకు ఫోను చేసి రావడం లేదని చెప్పాడు. “పెండ్లి మాత్రం రైలు లేని ఊర్ల పెట్టుకుందం,” అని ఒక్కటే షరతు పెట్టాడు.

అలాగే తొర్రూరులో పెట్టుకున్నాం. ఆ రోజు బస్సుల సమ్మె. సగం మంది చుట్టాలు ట్రాక్టర్ల మీద వచ్చారు. ఇరువైపుల ఇంటివాళ్లం ఆఖరి పంక్తిలో కూర్చున్నాం.

రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు రైళ్లను ఎవరూ ఆపరు, అది మంచిదే. బాపు ఇప్పటికీ ఎండాకాలం జనగామ ప్లాట్‌ఫారం మీద నీళ్ల జగ్గుతో నిలబడతాడు. జనం కిటికీలోంచి ఆయన ముఖం చూసి, జగ్గు చూసి, తమ సీలు సీసా మూత తిప్పుకుంటారు. ఆయనకు కోపం రాదు, తర్వాతి బండి ఎప్పుడని అడుగుతాడు. ముక్కూ ముఖం తెలియని మనిషి చేతి ముద్ద అనుమానం లేకుండా తిన్న ఆ డబ్బా జనం, పక్కింటి పెళ్లికి పెద్దలైనట్టు నా పెళ్లికి పెద్దలైన ఆ డబ్బా జనం, ఇప్పుడు ఏ బండిలో తిరుగుతున్నారో అనుకుంటాను. మా ఆయనా నేనూ ఒకసారి రఘునాథపల్లి వెళ్లి ఆ పట్టాల పక్కన కాసేపు నిలబడి రావాలని ప్రతి ఏడూ అనుకుంటాం. ఆ ప్యాసింజరుకు ఇప్పుడు అక్కడ స్టాపు లేదు, మానుకోట నుంచి వెళ్తే ఖాజీపేటలో దిగి బస్సెక్కాలి.