బానెట్ మీద బొట్టు

మా మామగారు పోయారు. వేసవి వేడి తగ్గి, దోహాలో జనం మళ్ళీ కిటికీలు తెరవడం మొదలుపెట్టిన రోజుల్లో, ఒక శుక్రవారం పొద్దున అల్ తుమామాలోని మా ఇంటి ముందు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుండగా గుండె ఆగిపోయింది. ఎదురుగా ఆయన కారు ఉంది. మావారు ఆయన్ని కాకినాడ తీసుకెళ్ళారు. మేమూ వెంట వెళ్ళి, జరగవలసినవన్నీ జరిపించి తిరిగి వచ్చాం. వచ్చేసరికి కారంతా దుమ్ము. అంతమంది చుట్టాల మధ్య ఎలాగో నిలదొక్కుకున్నదాన్ని, ఆ దుమ్ము చూసి ఏడ్చేశాను. ఆయన ఉండగా ఆ కారు మీద దుమ్ము నిలిచింది లేదు.

ఆ కారు సంగతి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నా వల్ల కాదు. మామగారు ఏసీ ఇంజనీరు. కుర్రతనంలో ఖతార్ వచ్చి, ఇక్కడే తల నెరిసి, ఉద్యోగం అయిపోయాక కొడుకు వీసా మీద ఉండిపోయారు. ఉద్యోగం చివరి రోజుల్లో ఒకసారి ఉమ్ సలాల్‌లో ఒక ఖర్జూర తోటకి, పళ్ళు దాచే చల్లగది బాగు చేయడానికి వెళ్ళారు. అక్కడ మేకల కొట్టంలో పాతకాలపు అమెరికా కారొకటి కనిపించింది. రెండే తలుపులు, మంచమంత పొడుగు బానెట్, లారీకి పెట్టాల్సినంత ఇంజను. సీట్లలో మేకలు పడుకుని ఉన్నాయి. తోట యజమాని పెద్దవయసు ఖతారీ. వయసులో ఉండగా ఆ కారులో ఎడారంతా తిరిగినవాడు. మామగారు ఆశగా చూడటం గమనించి, కావాలంటే తీసుకుపొమ్మన్నాడట. ఒకటే షరతు పెట్టాడు. బాగు చేసి రంగు వేశాక ఒక్కసారి తెచ్చి తనని ఎక్కించుకోవాలి. మామగారు మాట ఇచ్చారు.

కారు వచ్చి దిగింది నా షెడ్డులో. మా ఇంటికి నీడున్న చోటు అదొక్కటే. ఆ వేసవి నుంచి నా కారు ఎండలో, మేకల కారు నీడలో. స్టీరింగు ముట్టుకుంటే చేతులు చురుక్కుమనేవి. నేను ఆఫీసుకి బయల్దేరుతూ విసుక్కుంటే మామగారు తడిగుడ్డ తెచ్చి స్టీరింగు మీద వేసి, "కొంచెం ఓపిక పట్టమ్మాయ్, దానికి చర్మం వచ్చేదాకానే" అనేవారు. అన్నీ ఊడదీసేసరికి అది నిజంగానే చర్మం వలిచినట్టు ఉండేది. తుప్పు తినేసిన చోట రేకు కోసి, కొత్త రేకు అతికించి, పుట్టీ పెట్టి, నీళ్ళతో గరుకు కాగితం రుద్దడం. మళ్ళీ పుట్టీ, మళ్ళీ రుద్దడం. నాకైతే పాకం పట్టడానికే ఓపిక ఉండదు. ఆయన అలా మూడు చలికాలాలు రుద్దారు.

శుక్రవారాలు సాయానికి జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడి గ్యారేజీలో కార్లకు రంగులు వేసే తమ్ముడొకడు వచ్చేవాడు. పనికి వచ్చేవాడో, అత్తయ్యగారి పెసరట్లకి వచ్చేవాడో చెప్పడం కష్టం. వాళ్ళిద్దరూ వంతులవారీగా కళ్ళు మూసుకుని, పల్చటి గుడ్డ చుట్టుకున్న అరచేత్తో తలుపులు తడుముతూ ఎత్తుపల్లాలు వెతికేవాళ్ళు. ఇంటికి ఎవరొచ్చినా మామగారు వదిలేవారు కాదు. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి చూడండని పట్టుకొచ్చేవారు. బావుందంటే చాలదు, ఎక్కడ బాగాలేదో చెప్పాలి.

ఆయన నోట రోజుకి పదిసార్లు వచ్చే మాట "ఆరనీ". పుట్టీ ఆరనీ, ప్రైమర్ ఆరనీ. క్రమంగా అది ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఒకసారి మావారితో గొడవపడి, సామాను సర్దుకునేంత కోపంలో బయటికి వచ్చాను. ఏం జరిగిందని ఆయన అడగలేదు. పక్కన కుర్చీ వేసి, చేతికి కాగితం ముక్క ఇచ్చి, తలుపు అంచు రుద్దమన్నారు. రుద్దుతూ నేను చెప్పుకుపోతుంటే, "ఇవాళ ఏమీ తేల్చకమ్మాయ్. ఆరనీ" అన్నారు. నేను ఆ కాపురంలోనే ఉన్నాను. ఆ తలుపు అంచు కూడా నున్నగా ఉంది.

రంగు అత్తయ్యగారు ఎంచారు, కాచిన పాల మీద మీగడ రంగు. వేసే రోజు ఇంట్లో కర్ఫ్యూయే. షెడ్డు చుట్టూ ప్లాస్టిక్ పరదాలు కట్టి, దుమ్ము లేవకుండా నేలంతా తడిపారు. నూనె ఆవిరి రంగు మీద వాలుతుందని వంటింట్లో పోపు నిషేధం. పోపు లేని పప్పు తింటూ మావారు తండ్రి వైపు చూసిన చూపు నేనింకా మరచిపోలేదు. సాయంత్రానికి కారు మెరిసింది. జగిత్యాల తమ్ముడు వెళ్తూ, "సార్, వారం దాక ఎవ్వరిని ముట్టనియ్యకుండ్రి" అని మరీ చెప్పాడు. మామగారు ఆ రాత్రంతా మాకు కాపలా.

తెల్లారి అత్తయ్యగారు హారతి పళ్ళెం తెచ్చి దూరంగా నిలబడ్డారు. దూరం నుంచే చూపిస్తానన్నారు. మామగారు కారు వైపు చూశారు, పళ్ళెం వైపు చూశారు. మేం చూస్తుండగానే ఉంగరపు వేలు తడిపసుపులో ముంచి బానెట్ మధ్యలో బొట్టు పెట్టేశారు. "కొత్త బండికి బొట్టు లేకుండా ఎలా ఉంటుందే" అని ఆవిడతో అంటూ, అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నారు. తుడిస్తే పసుపు ముద్ద పోయింది కానీ రంగు పోలేదు. ఆయన వేలి గీతలతో సహా బానెట్‌లోకి ఇంకిపోయింది. మళ్ళీ శుక్రవారం వచ్చిన తమ్ముడు తల పట్టుకుని, పాలిష్ పెట్టి తీసేస్తానన్నాడు. మామగారు ఉండనిమ్మన్నారు. అందరికీ ఆరనీ ఆరనీ అని చెప్పిన మనిషి ఘనకార్యాన్ని అత్తయ్యగారు ఫోన్లో కాకినాడంతా చాటారు.

ఉమ్ సలాల్ ప్రయాణం మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. బ్రేకు సామాను అమెరికా నుంచి రావాలి. అది వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఈ ఊళ్ళో సగం ఇళ్ళు చల్లబరిచిన మనిషి కారులో ఏసీ లేదు. కాస్త చల్లబడ్డాక వెళ్దామన్నారు. ఈలోగా సాయంత్రాలు కాంపౌండ్ లోపలే నాకు దాని గేర్లు నేర్పారు. చల్లబడింది. ఆయన లేరు.

మేం కాకినాడ నుంచి వచ్చాక జగిత్యాల తమ్ముడు పలకరించడానికి వచ్చాడు. దుమ్మంతా కడిగి, ఆ బొట్టు దగ్గర ఆగి, "అమ్మా, బండిని ఎండల పెట్టకుండ్రి. పసుపు ఎండకు పోతది. నీడల ఉన్నందుకే ఇన్ని దినాలు ఆగింది" అన్నాడు. ఆ రోజు నుంచి అత్తయ్యగారు కారుని కదలనివ్వలేదు. మావారు మందపాటి ముసుగు కొని తెచ్చారు. రోజూ పొద్దు వాలాక ఆవిడ ముసుగు కొంచెం ఎత్తి, ఆ వేలిముద్ర చూసి, మళ్ళీ కప్పేవారు.  

మొన్నామధ్య తోట యజమాని ఫోన్ చేశాడు, నేనే తీశాను. ఆలస్యంగా తెలిసిందట. దుఃఖపడ్డాడు, దేవుడు ఓర్పు ఇవ్వాలన్నాడు, పెట్టేశాడు. అత్తయ్యగారు అడిగారు.

"బండి మాట ఎత్తాడా?"

"లేదండీ."

"ఎత్తడు, పెద్దమనిషి. మనమే వెళ్ళాలి."

"ఎండలో అంత దూరమంటే బొట్టు వెలిసిపోతుందండీ."

 ఆవిడ అన్నారు. "ఆయనిచ్చిన మాట అది. దాచుకోడానికి నాదా? శుక్రవారం బండి తియ్యమ్మాయ్."

బయల్దేరేముందు పసుపు కలిపి నేనే పెట్టబోయాను. పసుపు జోలికి వెళ్ళొద్దని కాకినాడ చుట్టాలు ఆవిడకి చెప్పిన జాగ్రత్తలన్నీ నా చెవిన పడ్డవే. అత్తయ్యగారు నా చేతిలోంచి గిన్నె తీసుకుని, ఆయన బొట్టు పక్కన తన వేలితో ఇంకొకటి పెట్టారు. "ఇప్పుడు బాగా ఆరింది, అంటుకోదులే" అన్నారు.

తోటలో పెద్దాయన చేతికర్రతో కారు చుట్టూ తిరిగాడు. కళ్ళు మూసుకోలేదు కానీ తలుపు మీద అరచెయ్యి వేసి చివరిదాకా తడిమాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను, మామగారు ఉంటే ఎక్కడ బాగాలేదో చెప్పమనేవారు. బానెట్ దగ్గరికి వచ్చి, ఇదేమిటని పాత మరక చూపించాడు. అత్తయ్యగారు తన ఉంగరపు వేలు ఎత్తి చూపించి, తనకి వచ్చిన హిందీలో, "సాబ్ కా హై. ధూప్ మే ఖలాస్ హో జాయేగా" అన్నారు, అది ఆయన పెట్టిందని, ఎండకి పోతుందని.

పెద్దాయన అరచెయ్యి చాపి, తాకకుండా, ఆ బొట్టుకి పైన పట్టుకున్నాడు. దాని మీద నీడ పడింది. అలాగే నిలబడ్డాడు. అత్తయ్యగారు ఆ చేతిని చూశారు. కాకినాడ వెళ్ళొచ్చాక మొదటిసారి ఆవిడ ముఖంలో నవ్వు కనిపించింది.

"మాఫీ ముష్కిల్, బాబా. యల్లా" అని, ఫరవాలేదు పదండన్నట్టు ఆవిడ ముందు తలుపు తెరిచారు.

పెద్దాయన చెయ్యి తీసి, మెల్లిగా ఎక్కి కూర్చున్నాడు. అత్తయ్యగారు నా వైపు నుంచి వెనక సీట్లోకి సర్దుకున్నారు. నేను తాళం తిప్పాను. అంత పొడుగు బానెట్ మా ముందు వణికింది. దాని మీద రెండు బొట్లు, నిండా ఎండ.