మడిచిన వేలు

డెబ్బైల్లో మేం గన్నవరం దగ్గర కాలవగట్టున ఉండేవాళ్ళం. ఒక చలికాలం అమ్మ వంటపాక మీదికి గుమ్మడిపాదు ఎక్కించింది. మంచుకి పిందెలన్నీ పసుపుబారి రాలిపోయి, చివరికి ఒక్కటే నిలిచింది. అమ్మ లేస్తూనే ముందు దాన్నే చూసుకునేది.

పిందెకేసి వేలు చాపితే రాలిపోతుందని మా వైపు నమ్మకం. చూపించాలంటే వేలు మడిచి చూపించాలి. ఆ సంగతి మా మేనత్తకీ, అంటే నాన్న అక్కకీ తెలుసు. అయినా వచ్చీరాగానే చూపుడువేలు నిటారుగా చాపి, "ఇంత చాకిరీకీ ఇదొక్కటేనా కాసింది?" అంది.

అమ్మ చటుక్కున ఆ వేలు పట్టుకుంది.

"మడవండి వదినగారూ."

"ఏంటీ, నా వేలే పట్టుకుంటావా?"

అమ్మ వదల్లేదు. నాన్న చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. అమ్మ కాపరానికొచ్చిన నాటినుంచీ ఆ వేలు ఆవిడ మీదికి లేస్తూనే ఉంది, కూరలో ఉప్పుకీ, కట్టిన చీరకీ కూడా. మడవమని ఒక్కరూ అనలేదు, నాన్నతో సహా. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. చివరికి మేనత్తే వేలు మడిచింది.

శివరాత్రి దాటాక మేనత్త మళ్ళీ వచ్చేసరికి కాయ పండింది. నాన్న కొట్టి ఇస్తే అమ్మ ముక్కలు కోసి పంచుతూ, "మీకు ఏ ముక్క కావాలి వదినగారూ?" అని అడిగింది.

మేనత్త వేలు మడిచి చూపించింది.