షావుకారుగారి పరుపు

ఎనభైల్లో ఒక వానాకాలం, అమలాపురం బస్సులో నా పక్క సీటును గున్న ఏనుగంత పరుపు ఆక్రమించింది. దాన్ని కావలించుకుని కొత్తపేటలో ఎక్కిన పెద్దమనిషి తల దాని వెనక నుంచి అప్పుడప్పుడు సూర్యుడిలా ఉదయిస్తోంది.

"దీనికీ టిక్కెట్టు కొట్టాలండి" అన్నాడు కండక్టరు.

"ఫుల్లు టిక్కెట్టే కొట్టండి. పెద్దింటిదండి" అన్నారాయన.

అప్పుడు పోల్చుకున్నాను. అమలాపురంలో గుండుసూది నుంచి పెళ్ళిచీర దాకా అమ్మే మూడంతస్తుల షాపు, నా కళ్ళకి ముప్ఫై అంతస్తులు, కట్టినాయన. అంతటివారికి ఈ పాత పరుపెందుకని అడిగేశాను.

"కొత్తపేట బట్టల కొట్లో షావుకారుగారు పెద్దోళ్ళని దీనిమీద కూర్చోబెట్టి చీరలు చూపించేవారండి. కూలికెళ్ళే మా అమ్మని మాత్రం వీధిలోనే నిలబెట్టి, చీర విసిరేసేవారు. అందుకే నా షాపులో ఎవరైనా లోపలికొచ్చి ముట్టుకుని చూడొచ్చండి. కొత్తపేట జనమంతా బస్సెక్కి నా దగ్గరికే వచ్చేసేరు. ఆయన కొట్టు మూతపడింది. ఇవాళ సామాను వేలం వేసేరు."

"మీరు ఇదొక్కటే పాడేరా?"

"ఆయ్. షావుకారుగారు చూస్తుండగా."

అమలాపురంలో దిగాక నేనూ ఒక కొస పట్టాను. ఆయన తన షాపు గుమ్మంలో పరుపు పరిచేరు. కోనసీమ బురదనంతా మోస్తున్న నా చెప్పులకేసి ఆప్యాయంగా చూసి, చేతులు జోడించేరు.

"కాళ్ళు తుడుచుకుని రండి."

తుడుచుకున్నాను. ఆ పరుపు చిరిగిపోయేదాకా, ఆ షాపుకి వెళ్ళే దారిలో ఎక్కడ బురద కనబడినా తప్పుకుని నడవలేదు.