ఆపకూడని చోట

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. వచ్చాక కూడా చాలాకాలం బస్సుల బోర్డులు చదువుకోవడానికీ, మందు సీసాలు పోల్చుకోవడానికీ వాడుకున్నానే తప్ప ఈ సంగతి రాయాలని కూర్చోలేదు. ఇందులో సగం మా ఆడబిడ్డది. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ తాను నోరు విప్పి చెప్పని మాటను నేను కాగితం మీద పెట్టడం న్యాయం కాదనిపించింది. ఆమె పోయి ఏడాది దాటింది.

మొన్న తిరుపతిలో మనవరాలి ఇంట్లో ఉన్నాను. అన్నాలయ్యాక ఆ పిల్ల ఫోనులో ఏదో గూఢచారి కథ పెట్టి నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. శత్రువుల చేతికి చిక్కిన మన గూఢచారి కణతకు తుపాకీ ఆనించారు, నా చేయి నాకు తెలియకుండానే మనవరాలి మోకాలిని పట్టుకుంది, సరిగ్గా అప్పుడు బొమ్మ నల్లబడింది.

"మిగతాది రేపు సూద్దాంలే అవ్వా" అని ఆవలిస్తూ లేచింది.

"ఆడ ఆపకూడదు పాపా" అన్నాను. ఆ గొంతు నాది కాదు, మా అత్తగారిది.

పలమనేరు దగ్గరి పల్లెలో కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన మిలిటరీలో ఉండేవారు. ఆ ఏడు చలికాలంలో యుద్ధం వచ్చింది. సరిగ్గా అదే మాకు చెనక్కాయలు, అదే వేరుశనగ, ఒలిచే కాలం కూడా. మధ్యాహ్నం పనులు ముగిశాక చుట్టుపక్కల ఆడవాళ్లంతా మా నడవలో చేటలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. మా ఆడబిడ్డ హైస్కూలు చదివిన పిల్ల గనుక ఆమె ఒలవనక్కరలేదు, నవల చదివి వినిపిస్తే చాలు. తలా ఒక గుప్పెడు గింజలు ఆమె చేటలో వేసేవాళ్లం. పలమనేరులో పుస్తకాలు అద్దెకిచ్చే అంగడి ఒకటి ఉండేది. అక్కడినుంచి ఆమె తెచ్చేవన్నీ యుద్ధాల నవలలే, గూఢచారుల నవలలే. అట్ట మీద తుపాకీ ఉండాలి, మంచు కొండ ఉండాలి, వెనకాల ఎక్కడో ఒక వంతెన తగలబడుతూ ఉండాలి.

ఆడవాళ్లకు ఆ కథలంటే అంత ఇష్టమేమిటని మగవాళ్లు నవ్వేవాళ్లు. మా ఆయన ఉత్తరాల్లో తాను ఎక్కడ ఉన్నదీ రాయకూడదట. క్షేమం, ఆవు ఈనిందా, అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి, అంతే. ఆయన తిరిగే చోట నది ఉందో, మంచు ఉందో, రాత్రి ఎక్కడ తల వాలుస్తున్నారో నాకు చెప్పింది ఆ నవలలే. జీపు, కందకం, నిఘా అనే మాటలు నేను అక్కడే నేర్చుకున్నాను. వింటూ వింటూ ఒక నవలలోని కెప్టెనుకు మా ఆయన ముఖం పెట్టేసుకున్నాను. మా అత్తగారూ అదే పని చేస్తున్నారని ఆమె కాయ ఒలిచే తీరు చూస్తేనే తెలిసేది. కెప్టెనుకు కష్టం వస్తే ఆమె చేటలో పొట్టు, గింజ కలిసిపోయేవి.

ఆ నవలలో కెప్టెను పండ్ల వ్యాపారి వేషంలో సరిహద్దు దాటి పోతాడు. మా పక్కింటి పెద్దమ్మకు మాత్రం ఆ వేషాల మీద నమ్మకం లేదు. "తలపాగా మారిస్తే గుర్తు పట్టరంటనా? మా ఇంటాయన సంతలో ఏ మూల దాక్కోనుండినా నడక సూసి పట్టేస్తాను నేను. ఆ దేశంలో ఆడోళ్లే లేరా ఏంది?" అనేది. అందరం నవ్వేవాళ్లం, అత్తగారు తప్ప.

అత్తగారికి ఒక పట్టింపు ఉండేది. ఎండాకాలంలో గుడి దగ్గర హరికథ చెప్పే దాసుగారు వీరుడు పడిపోయిన చోట ఆ పూట కథ ఆపరు; ఎంత పొద్దుపోయినా ఒక మంచి మాట వచ్చేదాకా చెప్పి, అప్పుడే మంగళం పాడతారు. చెడ్డచోట ఆపితే ఆ చెడు విన్నవాళ్ల ఇంట్లో నిలబడిపోతుందని అత్తగారి నమ్మకం. నవలలు రాసేవాళ్ల పద్ధతేమో దీనికి తలకిందులు. ప్రతి అధ్యాయమూ గొంతు మీద కత్తి పెట్టి ముగుస్తుంది. అందుకని మా ఆడబిడ్డ అధ్యాయం దాటి, తరవాతి దానిలో కెప్టెను గండం గడిచి గుక్కెడు నీళ్లు తాగేదాకా చదివి, అక్కడ మడత పెట్టేది. పొయ్యి మీద సంగటి మాడినా సరే, అది మా ఇంటి చట్టం.

తరవాత ఉత్తరాలు ఆగిపోయాయి. రేడియోలో రోజూ పోరు సంగతులే. పోస్టుమాన్ సైకిలు వీధి మలుపు తిరిగితే మేం ముగ్గురం మూడు పనుల్లో ఉండి కూడా ఒకేసారి కొయ్యబారిపోయేవాళ్లం. అతడు మా గడప వైపు చూడకుండా పోతే ప్రాణం కుదుటపడేది, ఇంకాసేపటికి ఎందుకు చూడలేదన్న భయం పట్టుకునేది.

అలాంటి ఒక సాయంత్రం కథలో కెప్టెను వంతెన దగ్గర దొరికిపోయాడు. చేతులు వెనక్కి కట్టి ఇటుకగోడకు నిలబెట్టారు. సిపాయిలు తుపాకులు ఎత్తారు. అవతలి ఆఫీసరు చేయి పైకి లేపాడు, ఆ చేయి దించితే కాల్చాలి. కాయల చప్పుడు ఆగిపోయింది. మా ఆడబిడ్డ పేజీ తిప్పింది. చదవలేదు. ఆమె కళ్లు పైనుంచి కిందికి దిగడం చూశాను. మెల్లగా ఆ పేజీ మడిచి పుస్తకం మూసేసింది.

"కండ్లు నొస్తా ఉండాయి. రేపు సదువుతా."

"ఆడ ఆపకూడదు పాపా" అన్నారు అత్తగారు. "ఇంకొక్క మాట సదువు."

"రేపు అమ్మా."

"వాడు నీళ్లన్నా తాగినాడా లేదా, అది సెప్పు సాలు."

"సదవనంటే సదవను!" అని ఆ పిల్ల పుస్తకాన్ని గూట్లో పడేసి లోపలికి పోయింది. యుద్ధంలో ఉన్నవాడు ఆమెకు తోడబుట్టినవాడన్న సంగతి అప్పుడు మా అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

పెద్దమ్మ సర్దిచెప్పబోయింది. "కతలోనోడు కదక్కా, వాని కోసరం నువ్వు..."

"కతలోనోడని నాకు తెలీదా మే? మూసింది మా ఇంట్లో కదా" అన్నారు అత్తగారు. ఆ రాత్రి ఆమె సంగటి ముట్టలేదు. ఆడబిడ్డ గోడవైపు తిరిగి పడుకుంది. నేను దీపం దగ్గర ఆ పుస్తకం తీసి మడత పెట్టిన చోట తెరిచాను. 'చచ్చిపోయాడు' అనే మాట పొడుగ్గా ఉంటుందా, పొట్టిగా ఉంటుందా? వేలు పెట్టి పేజీ అంతా తడిమాను. మనిషి ఉన్నదీ లేనిదీ అక్కడే, నా వేలి కింద ఉంది. నాకు తెలియదు.

మా ఆయన ఆ ఎండాకాలంలో తిరిగి వచ్చారు, భుజం మీద ఒక మచ్చతో. ఆ తరవాత చాలా ఏళ్లు బతికారు. ఇప్పుడు ఆ సంగతి తెలిసి రాస్తున్నాను గానీ ఆ రాత్రి తెలియదు. ఆ పేజీలో ఏముందో ఆడబిడ్డ చెప్పలేదు, నేను అడగలేదు; చదవడం వచ్చాక కూడా ఆ నవల కోసం వెతకలేదు. మొన్న మనవరాలు కథను తుపాకీ కింద వదిలేసి హాయిగా నిద్రపోయింది. దాని వాళ్లందరూ ఎక్కడున్నారో ఫోను చెబుతుంది, రేపు మిగతా భాగమూ అదే చూపిస్తుంది. మంచిదే. కాకపోతే ఒక మనిషి గోడ దగ్గర నిలబడి ఉంటే ఊరి ఆడవాళ్లందరూ చేతిపని ఆపేసి ఊపిరి బిగబట్టే మధ్యాహ్నాలు ఇక రావు. పక్కన కూర్చున్నవాళ్ల భయం మోకాలికి తగులుతూ ఉండేది మాకు. ఇప్పుడు ఎవరి కథ వాళ్ల చేతిలో, ఎవరి చెవికి వాళ్ల తీగ.

ఆడబిడ్డ పుస్తకం మూసిన మరునాడు తెల్లవారగానే ముఖం కడుక్కుని, పొయ్యి కూడా రాజేయకుండా గూట్లోని పుస్తకం తీసుకున్నాను. అత్తగారు మంచం మీదే ఉన్నారు. పెద్దమ్మ మజ్జిగకు వచ్చి గడపలో నిలబడి ఉంది. ఆడబిడ్డ కళ్లు వాచి ఉన్నాయి. నేను నడవలో చదివే మనిషి కూర్చునే చోట కూర్చుని, పుస్తకం తెరిచి, ఒళ్లో పెట్టుకున్నాను.

"నీకేడ సదువొచ్చునే?" అంది పెద్దమ్మ.

"రాత్రి వచ్చింది పెద్దమ్మా" అన్నాను. పేజీ మీద వేలు పెట్టాను, ముందురోజు ఆడబిడ్డ పెట్టినట్టే. "ఆఫీసరు చేయి పైకెత్తి ఉండాడు. ఇంక దించబోతాడు. అంతలో వానికి తుమ్ము వచ్చింది."

మా ఆడబిడ్డ నా వేలి కింది అక్షరాలను చూసింది, నా ముఖం చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అత్తగారు మంచం మీదనుంచి లేచి కూర్చున్నారు. "తుమ్మినాక ఎట్ల కాలుస్తారు? ఎవురైనా కాసేపు కూసోవాల్సిందే" అన్నారు. "ఊఁ, సదువు."

కెప్టెను ఆ దేశంనుంచి మా పలమనేరు బస్సు ఎక్కేదాకా ఇంకా చాలా దూరం ఉంది. నేను పేజీ తిప్పాను.